పదకొండు మందికి పదిహేడు అట్టలు

మా కోడలు బృంద తిరుత్తంగల్ టౌనులో పెరిగిన పిల్ల. నాకు పరాయిది కాదు, సొంత అన్న కూతురే. మా అన్నకు సేద్యం అచ్చిరాలేదు. పుదూరు పక్కన ఉన్న నల్లరేగడి వదిలేసి, తిరుత్తంగల్‌లో క్యాలెండర్లు అచ్చేసే ప్రెస్సులో చేరాడు. బృంద కూడా పన్నెండో క్లాసు అయ్యాక అదే ప్రెస్సులో కూర్చుంది. క్యాలెండరు తలకు రేకు పట్టీ కొట్టే పని. కాగితాల కట్టను బొటనవేలితో ఒక్కసారి జారించి "వంద లేవు, తొంబై ఆరే" అనేదట. ఎంచి చూస్తే తొంబై ఆరే ఉండేవట. పెళ్ళి మాటలప్పుడు మా అన్న ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటుంటే నేను ఊరుకోలేదు.

"అన్నా, మా ఇంట్లో ఎంచేదానికి కాగితాలు లేవు, పెరికేదానికి కలుపు ఉండాది" అన్నాను.

వచ్చిన కొత్తలో ఆ పిల్ల పత్తి మొక్కనూ బెండ మొక్కనూ చూసి రెండూ ఒకటే కదా అత్తా అంది. పన్నెండేళ్ళు ఆ మాట పట్టుకుని దాన్ని దెప్పాను. ఇప్పుడు దెప్పను. ఎందుకు దెప్పనో చెబుతాను.

మా వాడు కుమారవేల్‌కి ఒక పాత జీపు ఉంది. ఇరవై ఏళ్ళ పైబడిన బండి. వెనక తలుపు తాడుతో కట్టుకోవాలి. అయినా రేగడి దారిలో ఏ కొత్త కారూ దాని ముందు నిలవదు. దాని వెనక చక్రాల దగ్గర, పక్కకొకటిగా, విల్లులా వంగిన ఇనుప పట్టాల కట్టలు ఉంటాయి, కమాన్లంటారు. పై పట్టా పొడుగు, కిందికి పోయేకొద్దీ పొట్టి. దారిలో గుంట తగిలితే ఆ దెబ్బను అవి మింగాలి, లోపల కూర్చున్న మనిషికి చేరనివ్వకూడదు. అందుకే వాటిని పెట్టింది. మా వాడికి మాత్రం మనుషులకంటే మొక్కజొన్న మూటలు ముఖ్యం. మూటలు ఎక్కువ ఎత్తాలని రెండు లారీ పట్టాలు తెచ్చి ఒక్కో కట్టలో ఒక్కోటి బిగించేశాడు. అరచేతి మందం పట్టాలు అవి. ఆ రోజు జీపుకు దండేసి ఊరంతా తిప్పాడు.

పోయిన తై నెలలో, సంక్రాంతి అయ్యాక, అకాల వాన పడింది. తడిసిపోతాయని మూటలకు తార్పాలు కప్పబోయి, ట్రైలర్ మీదనుంచి మా వాడు వెనక్కి పడ్డాడు. నడుము విరిగింది. అంబులెన్సు తారు రోడ్డు దగ్గరే ఆగిపోయింది. రేగడి బురదలో మూడు మైళ్ళు అది రాలేదు. అప్పుడు ఊళ్ళో ఏడుగురు మా వాణ్ణి మంచం మీద పెట్టి మోశారు. తడి రేగడిలో నడిచిన వాళ్ళకు తెలుస్తుంది, పది అడుగులు వేసేసరికి ఒక్కో కాలికి రెండు వీశల మన్ను అంటుకుంటుంది. కాలు విదిలిద్దామంటే మంచం ఊగుతుంది. అందుకని ఎవరూ విదిలించలేదు. మా పక్కింటి చెల్లదురై అరవై ఏళ్ళవాడు, మంచం ముందు కోడు వదల్లేదు. ఎదురింటి వెళ్ళైయమ్మాళ్ తన గొడుగు మా వాడి మొహానికి పట్టి, తను తడుస్తూ పక్కనే పరిగెత్తింది.

మదురైలో ఆపరేషన్ చేశారు. కాళ్ళలో స్పర్శ ఉంది కానీ బలం లేదు. వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, విరుదునగర్ ఆస్పత్రికి తీసుకొస్తే కాళ్ళకు కసరత్తు చేయిస్తామన్నారు. అక్కడి డాక్టరమ్మ నా మొహం చూసి మరీ చెప్పింది, ఈ మూడు నెలల్లో లేచిన కాలే లేస్తుంది, తరవాత కష్టమని. అక్కడే రూము తీసుకుందామంటే ఆవుల పాలు ఎవరు పిండాలి, కల్లంలో మిరపకాయలు ఎవరు కాయాలి. కాబట్టి జీపే గతి.

ఆ వానలో ట్రాక్టర్లు తొక్కిన రేగడి ఎండిపోయి రాయిలా నిలిచింది. ఆ మూడు మైళ్ళూ ఒక్కో గాడికీ జీపు వెనక భాగం ఎగిరి పడేది. మా వాడి తల నా ఒళ్ళో ఉండేది, చెయ్యి నా మణికట్టు మీద. దెబ్బ తగిలినప్పుడల్లా పిసికేవాడు. నా గాజు ఒకటి అలాగే విరిగింది. మిరపకాయ ఏరే కాలం కదా, ఊరంతా చేలల్లో ఉంది. మేం ముగ్గురమే పోయేవాళ్ళం, బృంద డ్రైవరు. మూడోసారి పోయి వచ్చాక మా వాడు మంచం మీద మొహం గోడకు తిప్పుకున్నాడు.

"ఇంక నన్ను ఎత్తవద్దండి. కాళ్ళు పోతే పోనీ. ఆ బండిలో నేను ఎక్కను."

నేను తిట్టాను, ఏడ్చాను. బృంద మాత్రం లేచి పోయి జీపు కింద దూరింది.

ఆడది, అందులో ఇంటి కోడలు, పట్టపగలు వాకిట్లో బండి కింద వెల్లకిలా పడుకుని ఉంటే నాకెలా ఉంటుంది. "ఏమ్మే, పైకి రా. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాను.

కిందనుంచే అంది, "అత్తా, పోయిన ఏటి డైలీ క్యాలెండరు యాడ ఉండాది?"

మొగుడి కాళ్ళు పోతుంటే దీనికి క్యాలెండరు కావాల్సొచ్చింది అనుకున్నాను. మా ఇంట్లో క్యాలెండర్లు పారేయడానికి లేదు, అది ఒప్పుకోదు. మా అన్న ఏటా రెండు మూడు పంపుతాడు, ఆ పన్నెండేళ్ళ అట్టలు అటక మీద కట్టకట్టి ఉన్నాయి. చించని కాగితాల కట్ట ఒకటి తెచ్చి నా చేతికిచ్చి వంచమంది. వంచాను. కాగితాలు ఒకదాని మీద ఒకటి జారి మెత్తగా వంగింది. అప్పుడు ఇంకో కట్ట ఇచ్చింది. అది వాన కారి తడిసి, ఎండి, అతుక్కుపోయింది. వంచబోతే నా వేళ్ళు నొప్పి పెట్టాయి కానీ అది వంగలేదు.

"బండి కింద ఉండే పట్టాలు ఇట్ల అయిపొయినాయి అత్తా. తుప్పు పట్టి ఒకటినొకటి అంటుకొని ఉండాయి. పట్టా మీద పట్టా జారితేనే వంగేది. జారకపోతే అది కమాను కాదు, గునపం. అందులో బావ వేసిన లారీ పట్టా వేరే."

నేను ఆ రెండు కట్టలూ మళ్ళీ ఒకసారి వంచి చూశాను. డెబ్బై రెండేళ్ళు కమాను బండ్లెక్కి తిరిగినదాన్ని. ఇనుము కూడా కాగితంలాగే జారాలని నాకు ఎవరూ చెప్పలేదు.

కోవిల్‌పట్టిలో లారీ పట్టాలు కొట్టే నల్లసామి దగ్గరికి పోయి అడిగింది. బండి తెచ్చి వదులు, పది రోజులు పడుతుంది అన్నాడతను. పది రోజులంటే మూడు కసరత్తులు పోతాయి. ఎలా విప్పాలో చెప్పండన్నా, నేనే విప్పుకుంటాను అంటే అతను నవ్వి, చీర జాగ్రత్త అని అరవంలో అన్నాడట. అయినా మంచివాడు, విప్పే వరుస కాగితం మీద గీసిచ్చాడు, రెండు బిగింపు క్లాంపులు అరువిచ్చాడు.

ఎద్దులు పోయాక ఖాళీగా ఉన్న కొట్టంలో జీపు పెట్టింది. జాకీతో ఎత్తి, కింద తాటి దుంగలు పేర్చి దాని మీద దించింది. మా వాడి పాత ప్యాంటు, చొక్కా వేసుకుంది. నేను వక్కాకు సంచి పట్టుకుని గడప దగ్గర కూర్చున్నాను, కాపలాకి అని చెప్పుకున్నాను కానీ చూద్దామనే.

"దగ్గరకు రావొద్దు అత్తా. ఈ నడిమి బోల్టు ఒకేసారిగా వదిలితే పట్టాలు లేచి మొహాన కొడతాయి."

"నీ మొహానికి కొట్టదా?"

"నాకు క్లాంపు ఉండాది."

రెండు పక్కలా క్లాంపులు బిగించి, బోల్టు తీసి, ఇటు ఒక చుట్టు, అటు ఒక చుట్టు వదులుతూ వచ్చింది. ఆ ఇనుప కట్ట మూలుగుతూ మెల్లగా నోరు తెరిచింది. నాకు మంత్రసాని పని గుర్తొచ్చింది. తొందరపడకూడదు, ఆగకూడదు. ఒక్కో పట్టా తీసి నేల మీద వరసగా పెట్టింది. రెండు పక్కలవీ కలిపి పదహారు, అందులో రెండు మా వాడి లారీవి. అవి ఎత్తబోతే నా నడుం పట్టేసింది.

మూడు రోజులు తుప్పు గీకింది. ఇనుప బ్రష్షు, గరుకు ఉప్పు కాగితం, కిరసనాయిలు. తన బొటనవేలితో పట్టా పొడుగునా నిమిరి, "ఇక్కడ ఇంకా ఉండాది" అనేది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే నిజంగానే గోరంత తుప్పు కనిపించేది. తరవాత నల్ల గ్రీజు పూసింది. పాత నీళ్ళ డ్రమ్ము కోసి, దాని ప్లాస్టిక్ ముక్కలు పట్టాల చివర్ల మధ్య పెట్టింది, ఇనుముకు ఇనుము ఒరుసుకోకుండా. లారీ పట్టాలు రెండూ పక్కన పడేసి, మిగిలినవాటిని మళ్ళీ కట్టి బిగించింది. మా వాడి బరువుకు ఇసుక మూటలు వేసి, నన్ను ఎక్కించి, గట్టు చుట్టూ తిప్పింది. నా చేతిలో గ్లాసు నిండా మజ్జిగ పెట్టింది. సగం గ్లాసు మిగిలింది. ఇదివరకైతే గ్లాసే మిగిలేది కాదు.

మా వాణ్ణి బతిమాలాం. ఒక్కసారి ఎక్కి చూడు అన్నాం. శుక్రవారం నాడు సరే అన్నాడు.

ఇప్పుడు మేం చేసిన తప్పు చెబుతాను. మా ఊళ్ళో కాబట్టే చేశాం. అప్పటికి మిరపకాయల పని అయిపోయింది. మా ఊరినుంచి ఒక బండి టౌనుకు పోతుందంటే అది ఖాళీగా పోదు. ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు, ఎక్కుతారు. చెల్లదురై పంచ ఉతికి కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. వెళ్ళైయమ్మాళ్ కంటికి శుక్లం చూపించుకోవాలట. మంచం మోసిన మిగతా ఆరుగురూ వచ్చారు. వాడు కసరత్తు చేస్తుంటే చూడాలని కొందరు, బజారు పనికి కొందరు. ఎనిమిది మంది వాళ్ళు, ముగ్గురం మేము. బృంద మొహం మారడం నేను చూశాను. కానీ తను నోరు తెరవలేదు, నేనూ తెరవలేదు.

ఊరు దాటినంతసేపూ పల్లకీలాగే పోయింది. మైలు తరవాత చిన్న కల్వర్టు ఉంది, దాని అవతల దారి మూరెడు లోతుకు దిగుతుంది. అక్కడ జీపు వెనక భాగం కిందికి కూలబడి ఇనుముకు ఇనుము తగిలింది. పిడుగులాంటి చప్పుడు. మా వాడు అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నా ఒళ్ళో తెలివి తప్పాడు. బండి వెనక్కి తిప్పుకుని ఇంటికి వచ్చాం. వచ్చేటప్పుడు ఆ ఎనిమిది మందీ ఎక్కలేదు. తలలు వంచుకుని వెనకాల నడిచి వచ్చారు.

ఆ సాయంత్రం నేను బృంద మీద పడ్డాను. "నోరు లేదా నీకు? వద్దు, దిగండి అని ఒక మాట చెప్పేదానికి ఏమయ్యింది?"

అది గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ మెల్లగా అంది, "బావను మోసిన వాళ్ళను ఎట్ల దిగమనేది అత్తా? ఆ పొద్దు వాళ్ళు, బరువుగా ఉండాడు దించేస్తాం అన్నారా? లెక్క నాది తప్పు. నేను ముగ్గురికి చేస్తిని. చేయాల్సింది పదకొండు మందికి."

నేను వక్కాకు సంచి పక్కన పెట్టి, దాని చేతికి ఇంకో గుడ్డ అందించాను. 

మళ్ళీ జీపు తాటి దుంగలెక్కింది. తీసి పారేసిన లారీ పట్టాలు రెండూ మట్టిలోంచి ఏరి కడిగింది. వాటిని బస్సులో వేసుకుని నల్లసామి దగ్గరికి పోయింది, వంపు తీసి చదును చేయించడానికి. కింద ఇది ఊరికే ఉండాలి అన్నా, బరువు పడితేనే లేచి పట్టుకోవాలి అని చెప్పిందట. అతను ఈసారి నవ్వలేదు. కొలిమి ఊది, కాల్చి, కొట్టి, నూనెలో ముంచి, సాయంత్రానికి చేతికిచ్చాడు. పొడుగాటి బోల్టులు కూడా తనే వెతికిచ్చాడు. మీ నాన్న కొలిమి పని చేసేవాడా అని అడిగాడట. లేదన్నా, క్యాలెండర్లు అంది.

ఆ చదును పట్టాలను ఒక్కో కట్ట అడుగున ఒక్కోటి పెట్టి, నడుమ ఒక ఇనుప దిమ్మ వేసి బిగించింది. నడుమ మాత్రమే పట్టు. చివర్లు రెండూ పై పట్టాకు తగలకుండా సందు వదిలి ఉన్నాయి. బండిలో ఇద్దరు ముగ్గురు ఉంటే ఆ లారీ పట్టా నిద్రపోతుంది. జనం ఎక్కేకొద్దీ పై కట్ట చదునై దిగుతుంది, దిగి దాన్ని తాకుతుంది. అక్కడినుంచి అది కూడా మోస్తుంది. కానీ సందు ఎంత ఉండాలి? ఎక్కువైతే మళ్ళీ కూలబడుతుంది, తక్కువైతే మళ్ళీ గునపం.

సోమవారం పొద్దున్నే బృంద ఎనిమిది ఇళ్ళకూ పోయి పిలిచింది. "రండి, బండెక్కండి. యాడికీ పోము, వాకిట్లోనే."

వాళ్ళకు బెరుకు. చెల్లదురై ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి, "అమ్మాయ్, మా బారం వల్లే కదా ఆ పొద్దు అట్లయింది. మేము బస్సులో పోతాము" అన్నాడు.

"మామా, మీరు ఎక్కకపోతే నా లెక్క తేలదు. ఎక్కండి."

"నేను ఈ మద్దెన కొంచెం లావైతిని కూడా" అంది వెళ్ళైయమ్మాళ్.

"అది కూడా లెక్కే పెద్దమ్మా. పొట్ట లోపలికి పీల్చొద్దు."

బృంద అటక మీది క్యాలెండరు అట్టలు దించింది. చక్రం పక్కన పడుకుని, ఆ సందులో అట్టలు ఒక్కొక్కటీ దూర్చి ఎంచేది. ముగ్గురు ఎక్కితే ఎన్ని పడుతున్నాయి, ఐదుగురు ఎక్కితే ఎన్ని. వాళ్ళను దించి, దిమ్మ మార్చి, మళ్ళీ ఎక్కించేది. నాలుగు సార్లు దిమ్మ మార్చింది. ఎవరూ విసుక్కోలేదు. దేవుడి పల్లకీ ఎత్తినంత శ్రద్ధగా ఎక్కారు, దిగారు. చివరికి ఖాళీ బండికి పదిహేడు అట్టల సందు దగ్గర ఆగింది.

"అత్తా, ఇటు రా. వంగి చూడు."

మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. పై పట్టాకూ లారీ పట్టాకూ మధ్య సందు. నా చిటికెన వేలు పెట్టాను, దూరింది.

"వేలు తియ్యి అత్తా, ఎక్కుతాండారు."

తీశాను. చెల్లదురై ఎక్కాడు. సందు గింజంత తగ్గింది. ఇంకొకరు ఎక్కారు. పై కట్ట ఆవు మోకాలు వంచినట్టు వంగుతోంది, అరవకుండా, మూలగకుండా. మా వాడి బదులు, మా ఇద్దరి బదులు మళ్ళీ ఇసుక మూటలు పడ్డాయి. మూటలతో కలిపి ఏడో మనిషి వెళ్ళైయమ్మాళ్. ఆమె కూర్చోగానే ఆ సందు నా కళ్ళ ముందే మూసుకుపోయింది. ఇనుము ఇనుమును తాకింది, చప్పుడు లేదు. మిగతావాళ్ళు ఎక్కారు. బండి ఇంక గోరంతే దిగి నిలబడింది. కింద ఆ ముసలి లారీ పట్టా మొత్తం ఊరిని మోస్తోంది.

నేను అక్కడినుంచి లేవలేకపోయాను. మోకాళ్ళ నొప్పి అన్నాను. మోకాళ్ళ నొప్పి కాదు. గుళ్ళో హారతి వెలిగినప్పుడు లేస్తుందే ఒళ్ళంతా ఒక జల్లు, అది నాకు ఆ రోజు జీపు చక్రం పక్కన లేచింది.

వసారాలో మంచం మీదనుంచి మా వాడు ఇదంతా వింటున్నాడు. జనం దిగాక పెళ్ళాన్ని పిలిచాడు.

"అడుగున ఏ పట్టా వేసినావు?"

"నీదే బావా. నీవు వేసిందే. చోటు మార్చినాను, అంతే."

 "పారేసినావు అనుకుంటిని" అన్నాడు. మళ్ళీ, "రేపు మంగళారం కదా" అన్నాడు.

మంగళవారం పదకొండు మందిమీ బయలుదేరాం. మా వాడి తల నా ఒళ్ళో, చెయ్యి నా మణికట్టు మీద. గాజులు ముందే తీసి మొలలో దోపుకున్నాను. కల్వర్టు కనిపించగానే బండిలో మాటలు ఆగిపోయాయి. చెల్లదురై తన బరువు తగ్గించుకుందామని కాబోలు పై కమ్మీ పట్టుకుని వేలాడాడు. మా వాడు కళ్ళు మూసుకున్నాడు. నేను వాడి చేతి వంకే చూస్తున్నాను.

ముందు చక్రాలు దిగాయి. వెనక భాగం దిగింది, దిగింది, ఇంకా దిగింది, కింద ఎక్కడో మెత్తగా దుబ్ మంది. మళ్ళీ లేచింది. అంతే.

ఆ చెయ్యి నన్ను పిసకలేదు.

 కొంత దూరం పోయాక మా వాడు కళ్ళు తెరవకుండానే, "కల్వర్టు ఇంకా ఎంత దూరం ఉండాది?" అని అడిగాడు.

"దాటి రెండు పర్లాంగులైంది తమ్ముడూ" అన్నాడు చెల్లదురై, కమ్మీ ఇంకా వదలకుండా.

బృంద వెనక్కి తిరగలేదు. ముందున్న అద్దంలో వాడి మొహం చూస్తోంది. చూస్తూనే గేరు మార్చింది. ఆ చేతుల వంక చూశాను. గోళ్ళ సందుల్లో నల్ల గ్రీజు ఇంకా ఉంది. ఆ చేతులకు కలుపు పెరకడం రాదని పన్నెండేళ్ళు దెప్పింది నేనే.

వైకాసి నెలాఖరుకు, ఎండాకాలం ముగిసేసరికి, మా వాడు రెండు కర్రల సాయంతో వసారా నుంచి కొట్టం దాకా నడిచాడు. నడిచిపోయి, కర్రలకు ఆనుకుని, జీపు వెనక చక్రం దగ్గర నిలబడ్డాడు. వంగలేడు కదా, అందుకని నన్ను పిలిచాడు.

"అమ్మా, వేలు పెట్టి చూడు. సందు ఉండాదా?"

వంగి పెట్టాను. చిటికెన వేలు సరిగ్గా దూరింది.

"ఉండాది నాయనా" అన్నాను.